గృహనిర్మాణ మంత్రియు, మన అర్జీలును

తమిళమున వ్రాయుట రాని మన తల్లిదండ్రులు కొందరు, ఇంటికొరకై గృహనిర్మాణ మంత్రిగారి పేర అర్జీ వ్రాసి యిమ్మని నన్నడుగుచుందురు. మంత్రిగారు స్వయముగా ఇండ్లు పంచువారు కారు. విధానము నిర్ణయించుట, శాసనసభను నిధులు కోరుట, తమ శాఖాసంస్థల పనికి సభలో బదులు చెప్పుట వారి విధులు. 1961 నాటి చట్టముచే ఏర్పడిన హౌసింగ్ బోర్డు అట్టి సంస్థయే. హోసూరులో ఆ పేరిట పిలువబడు కాలనీలు దాని నిర్మాణములే.

స్వీడను దేశమున, ఫలానావాని విషయమున ఇట్లు నిర్ణయింపుడని మంత్రి అధికారులను ఆజ్ఞాపించుటను రాజ్యాంగమే వారించినది. మనకడ అంత కట్టడి లేకున్నను, అర్జీ తుదకు సంబంధించిన కచ్చేరికే పోవును.

పల్లెవారి సంగతి వేరు. 2024లో ఆరంభమైన ‘కలైఞర్ కనవు ఇల్లం’ పథకమున ఇంటికి 3.5 లక్షల రూపాయలు నిర్ణయించిరి. కాని యది గ్రామీణాభివృద్ధి శాఖది. స్థలమునకు పట్టా యిచ్చునది రెవెన్యూ శాఖ. ఒక తల్లి పట్టాకై మంత్రిగారికి పంపిన అర్జీ నెలల తరబడి తిరిగి, ఆమె యింటికి కూతవేటు దూరముననున్న తాలూకా కచ్చేరికే చేరినది. దానిని వ్రాసినవాడను నేనే.

ఇకమీదట వచ్చువారు స్థలపు కాగితములు వెంట తెండు. ఏ కచ్చేరికి వ్రాయవలెనో ముందు చూచి, పిదప కలము పట్టుదము.