తలంబ్రాలు, ట్యూబ్‌లైటు, రెట్టింపుల లెక్క

మా నాన్న షష్టిపూర్తికి కెమెరా నేనే పట్టుకున్నాను. ఫంక్షన్ హాల్లో తీసిన మొదటి ఫొటోల నిండా అడ్డంగా నల్లటి చారలు. కెమెరా పాడైందేమోనని కంగారుపడి షట్టర్ వేగం బాగా తగ్గించాను. చారలు పోయాయి. ఈసారి తలంబ్రాలు గీతలయ్యాయి. అమ్మ దోసిట్లోంచి బియ్యం కాదు, సేమ్యా జారుతున్నట్టుంది.

కెమెరాకు ఏ రోగమూ లేదు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు. ఒక్కో ఆవృత్తంలో వెలుగు రెండుసార్లు హెచ్చి తగ్గుతుంది కాబట్టి పాతరకం చోక్ ఉన్న ట్యూబ్‌లైట్లు, చవకరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి ఆ సంగతి తెలియదు. నేను పెట్టిన షట్టర్ 1/1000 సెకను. అంటే ఒక మినుకులో పదో వంతే కెమెరాకు దక్కింది. పైగా చాలా సెన్సర్లు బొమ్మనంతా ఒక్కసారిగా చదవవు, వరుస తర్వాత వరుస చదువుకుంటూ పోతాయి. కొన్ని వరుసలకు దీపం నిండుగా వెలిగిన క్షణం చిక్కింది, కొన్నిటికి సన్నగిల్లిన క్షణం. చారలంటే అవే. షట్టర్ 1/100 పెడితే ప్రతి వరుసకూ ఒక పూర్తి మినుకు అందుతుంది, 1/50 పెడితే రెండు. అమెరికాలో కరెంటు 60 ఆవృత్తాలు. డాలస్‌లో మన పెళ్లి తీసేవాళ్లకు ఆ అంకెలు 1/120, 1/60.

మరి సేమ్యా? దోసిలి నుంచి 20 సెంటీమీటర్లు జారేసరికి బియ్యపు గింజ వేగం సెకనుకు దాదాపు 2 మీటర్లకు చేరుతుంది. 1/100 సెకనులో అది 2 సెంటీమీటర్లు కదిలిపోతుంది. 1/1000లో అయితే 2 మిల్లీమీటర్లే. గింజ గింజలా కనపడాలంటే వేగం కావాలి, చారలు పోవాలంటే నిదానం కావాలి. ఆ హాల్లో రెండూ కుదరవు. పగలు ముహూర్తమైతే దంపతులను కిటికీ వైపు కూర్చోబెట్టమని పంతులుగారిని ముందే బతిమాలుకోవడం ఒక్కటే దారి.

ఇంతకీ హాల్లో వెలుగు అంత తక్కువా? మన కన్ను చేసే మోసం ఇక్కడే. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్. రాత్రి ట్యూబ్‌లైటు కింద మామూలు గది 100 లక్స్‌కు అటూఇటూ. వెయ్యి రెట్ల తేడా! అయినా వాకిట్లోంచి లోపలికొచ్చిన రెండు నిమిషాలకే పేపరు చదివేసుకుంటాం. కన్ను సర్దుకుపోతుంది. కెమెరా సర్దుకోవాలంటే లెక్క కావాలి, ఆ లెక్క నడిచేది కూడికల్లో కాదు, రెట్టింపుల్లో. ఒక రెట్టింపును ఒక స్టాప్ అంటారు. రెండును పదిసార్లు హెచ్చిస్తే 1024. కాబట్టి ఎండకూ గదికీ మధ్య ఉన్నది పది స్టాపులు.

ఎండలో తీయడానికి ఫిల్ము కాలం నుంచీ ఒక సూత్రం ఉంది: ఎపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/16, ఐఎస్ఓ (వెలుగును పట్టే చురుకు) 100, షట్టర్ 1/100. అదే షట్టర్‌తో గదిలోకి వచ్చామనుకోండి, పది స్టాపులు ఎక్కడో తేవాలి. ఎపర్చర్ మెట్లు 16, 11, 8, 5.6, 4, 2.8, 2. ఆరు మెట్లు దిగాం, ఆరు స్టాపులు వచ్చాయి. (ఈ అంకెలు చూసి బెదరనక్కర్లేదు. రంధ్రం వ్యాసాన్ని 1.4 రెట్లు పెంచితే వైశాల్యం రెట్టింపవుతుంది, అంతే.) ఐఎస్ఓ 100 నుంచి 200, 400, 800, 1600. నాలుగు మెట్లు. మొత్తం పది, అప్పు తీరింది. చాలా ఫోన్లలో ఎపర్చర్ మారదు గనుక వాటికి మిగిలేవి షట్టర్, ఐఎస్ఓ రెండే. రాత్రి ఫోన్ ఫొటోల్లో ఇసుక చల్లినట్టు ఉండటానికి అదొక కారణం.

వెలుగు ఎంత ఉందన్న దానికన్నా దీపం ఎంత దూరంలో ఉందన్నదే ముఖ్యమని నాకు ఆలస్యంగా తలకెక్కింది. బల్బులాంటి చిన్న దీపానికి 1 మీటరు దూరంలో ఉన్న మనిషి మీద పడే వెలుగులో, 2 మీటర్ల దగ్గరున్న మనిషికి అందేది నాలుగో వంతే. 3 మీటర్లకైతే తొమ్మిదో వంతు. గ్రూప్ ఫొటోలో ముందువరుస పిల్లలు సున్నం కొట్టినట్టు, వెనకాల మామయ్యలు చీకట్లో మునిగినట్టు ఉండేది అందుకే. దీపాన్ని 4 మీటర్ల దూరానికి జరిపితే ముందువరుస 4 దగ్గర, వెనకవరుస 5 దగ్గర ఉంటాయి. 25ని 16తో భాగిస్తే తేడా ఒకటిన్నర రెట్లు దాటి కొంచెం, అంతే. వెలుగు చాలట్లేదని దీపాన్ని మరీ దగ్గరికి జరపడం నేను చూసిన పొరపాట్లలో అతి సామాన్యమైనది. నేనూ చేసినదే.

ఇక నాన్న పట్టుపంచె. కెమెరా మీటరు చూసిన ప్రతిదాన్నీ సుమారు 18 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిదరంగుగా అనుకుంటుంది. తెల్లపంచె తిప్పికొట్టేది దానికి నాలుగైదు రెట్లు. ‘అమ్మో ఎంత వెలుగో’ అని మీటరు తగ్గించేస్తుంది. పంచె మాసిపోతుంది, చామనఛాయ ముఖం నల్లబడుతుంది. నల్లకోటు వేసుకున్న పెళ్లికొడుకు విషయంలో జరిగేది దీనికి తలకిందులు. అందుకని ఫోన్లో పంచె మీద కాక ముఖం మీద వేలు పెట్టండి. కెమెరా అయితే తెలుపు నిండిన ఫ్రేముకు +1 (ఒక స్టాప్ ఎక్కువ) ఇచ్చి చూడండి. ముఖం దూరంగా ఉంటే, అదే వెలుగులో మీ అరచేతిని కొలిచి ఒక స్టాప్ కలపండి. ముఖాల రంగు ఎంత తేడాగా ఉన్నా అరచేతులు అంతగా తేడా ఉండవు.

సాయంత్రపు బంగారు వెలుగు గంటసేపు ఉంటుందని పుస్తకాల్లో చదివి నమ్మకండి. సూర్యుడు దిక్చక్రానికి 6 డిగ్రీల పైనుంచి 4 డిగ్రీల కిందికి దిగే సమయాన్ని ఆ పేరుతో పిలుస్తారు. పగలూ రాత్రీ సమానమైన రోజున లండన్‌లో ఆ దిగుడుకు సుమారు 64 నిమిషాలు పడుతుంది. హైదరాబాద్‌లో 42. ఇక్కడ సూర్యుడు నిటారుగా దిగిపోతాడు. టీ తాగి బయల్దేరదామంటే అయిపోతుంది.

ఫ్రేములో మనిషిని ఎక్కడ నిలపాలన్న దానికి అందరూ చెప్పేది మూడు భాగాల నియమం. దానికి ఆ పేరు పెట్టింది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు, 1797లో, పల్లె దృశ్యాల మీద రాసిన పుస్తకంలో. ఆ మాట పుట్టింది బొమ్మలో వెలుగుకూ చీకటికీ ఉండాల్సిన పాళ్ల చర్చలోంచి. ఇప్పుడు ఫోన్లో తొమ్మిది గడులు గీసి పెడుతున్నారు. నాకు ఆ గడులకన్నా దూరం ముఖ్యం. చెవికన్నా ముక్కు కొస సుమారు 12 సెంటీమీటర్లు ముందుంటుంది. 30 సెంటీమీటర్ల సెల్ఫీలో ముక్కు, చెవి కన్నా 1.4 రెట్లు పెద్దగా పడుతుంది. మీటరున్నర వెనక్కి వెళితే 1.08 రెట్లే.

మర్నాడు పొద్దున్న నాన్నను అదే పంచెతో ఉత్తరం కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, నేను మీటరున్నర దూరంలో గోడకు ఆనుకుని ఒక్క ఫొటో తీశాను. +1, ఎఫ్/4, ట్యూబ్‌లైటు ఆపేసి. మా ఇంటి హాల్లో వేలాడుతున్నది అదే. అమ్మకు నచ్చింది గానీ, పక్కన తను లేదని ఇప్పటికీ దెప్పుతుంది.