శిలాచిత్రములును లోహపుటచ్చు తొడవులును

మన భాషలో 'రూపు' అను పదమునకు ఆకారమను నర్థమే కాక, మెడలో ధరించు బంగారు బిళ్ల యను నర్థమును గలదు. 'అచ్చు' అను పదము మూసకును ముద్రకును జెల్లును. ప్రాచీన శిలాచిత్రముల రూపములను నేఁటి యంత్రములచే లోహమున నచ్చువేసి తొడవులుగాఁ జేయుట యెట్లో, అందుఁ బాటింపవలసిన నియమము లేవో యీ వ్యాసమున వివరింపఁబడును.

ఈ పనికి శేరిలింగంపల్లి ప్రాంతము తగిన చోటు. మాదాపురమున జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ కలదు. రాయదుర్గమున నూతనవస్తువుల నమూనాలను నిర్మించు టి-వర్క్స్ శాల 2023 మార్చి 2వ తేదీని ప్రారంభింపఁబడినది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయపు టావరణముననే బృహచ్ఛిలాయుగపు సమాధులు బయల్పడినవి.

మన ప్రాంతపు శిలాచిత్రములు ముత్తెఱఁగులు. మొదటివి రంగుతో వ్రాసినవి. 1990లో వెలుఁగులోనికి వచ్చిన భూపాలపల్లి జిల్లా పాండవులగుట్ట చిత్రము లిట్టివి. రెండవవి ఱాతితో ఱాతిని మొత్తి తీర్చినవి. 1892లో ఫాసెట్ దొర ప్రకటించిన బళ్లారి చెంతనున్న కుప్పగల్లు కొండమీఁది మూఁపురపు టెద్దు లిట్టివి. మూఁడవవి గుంటలు, కృష్ణాతీరమున నారాయణపేట జిల్లా ముడుమాలలో నొకశిలపైఁ దొలిచిన గుంటలు సప్తర్షిమండలమును దలఁపించును. ముడుమాల నిలువుఱాళ్లు 2025లో యునెస్కో తాత్కాలికపట్టికలోఁ జేరినవి.

ఇఁక నచ్చుపని రెండు విధములు. ఒకదానియందు లోహపుఁబొడిని పలుచగాఁ బఱచి, వలసినచోట లేసరు కిరణముచేఁ గరఁగించి, పొరపైఁ బొర పేర్తురు. ఒక్కొక్కపొర మందము మిల్లీమీటరులో నూఱవవంతులలో నుండును. వెండిబంగారములు కిరణమును వెనుకకుఁ గొట్టును గాన నీపద్ధతి వానికిఁ గష్టసాధ్యము. అందుచే యంత్రమున మైనపు రూపమును ముద్రించి, దానిచుట్టును మూస కట్టి, మైనమును గరఁగించి పోసి, యాచోట లోహము పోయుట వాడుక. ఆదిలాబాదు డోక్రా పనివారి పోఁతపద్ధతికి నిది చుట్టమే. చేతికిమాఱు యంత్రము మైనమును దీర్చుచున్నది.

చిత్రమును గ్రహించునపుడు శిలను తాఁకరాదు. సుద్దతో గీఁతలు దిద్దుటయు, నీరు చల్లుటయు హానికరములు. వాలువెలుఁగులో పలువైపులనుండి తీసిన ఛాయాచిత్రములను గణనయంత్రము కూర్చి, గుంటల లోఁతుతోఁ గూడ రూపమును గట్టిపెట్టును.

పిమ్మట మార్పులు తప్పవు. వ్రాఁతచిత్రమున మేనికంటక విడిగా నున్న విల్లు లోహమున నిలువదు. దానికొక బంధము కల్పింపవలయును. మొత్తిన యెద్దునకు గరుకుదనమే ప్రాణము. దానిని నునుపుచేసినచో నది యేదేశపు టెద్దో తెలియదు. వెండిని గంధకముతో నల్లఁబఱచి మీఁదిభాగమును రుద్దినచో శిలపైఁ గనఁబడు వెలుఁగునీడలు కొంత సిద్ధించును. గుంటలనడుమ దూరముల నిష్పత్తిని మార్పరాదు. చుక్కలను గీఁతలతోఁ గలిపినచో, అది శిల్పి చెప్పినమాట గాక మన వ్యాఖ్యానమగును.

తాళపత్రగ్రంథమును పరిష్కరించువాఁడు మూలపాఠమును, తన సవరణను వేఱువేఱుగాఁ జూపును. తొడవుచేయువాఁడును నట్లే చేయవలయును. బిళ్ల వెనుక శిలయున్న యూరిపేరు చెక్కి, తాను చేర్చిన బంధమును, మార్చిన కొలతను వెంటనిచ్చు చీటిలోఁ దెలుపుట న్యాయము. పేరులేని బొమ్మ అంగడిలో 'ఆదిమవాసి గుఱుతు' అని పిలువఁబడి యూరును గోల్పోవును.

ఇది చిన్నవిషయము కాదు. కుప్పగల్లు కొండలో కొంతభాగము ఱాతిగనులపాలైనది. కంచ గచ్చిబౌలియందలి 400 యెకరముల శిలావనభూమినిగూర్చి 2025లో వివాదము రేఁగఁగా, ఏప్రిల్ 3వ తేదీని సుప్రీం న్యాయస్థానము అందలి పనులను నిలిపివేసినది. శిల పోయినచోట ప్రతియే సాక్షి. తప్పుప్రతి తప్పుసాక్ష్యము పలుకును. తొడవు ధరించినవారు దాని వెనుకనున్న యూరిపేరు చదివి యాకొండను జూడఁబోయినచో, ఆ కొండను గాచువా రంతమంది పెరుఁగుదురు.