సున్నపు నీళ్ళూ, పాత ఇంజన్లూ

“రేడియేటర్ కొత్తది వేయించాం. అయినా నాన్నగారి అంబాసిడర్ తాడిపత్రి చేరేలోపే మరిగిపోతోంది. లోపం ఎక్కడ?” అని యాడికి నుంచి ఒక పాఠకుడు అడిగారు. లోపం ఆయన కాళ్ళ కిందే ఉండే అవకాశం ఎక్కువ. యాడికి సున్నపురాయి మీద ఉన్న ఊరు. ఆ చుట్టుపక్కలకు సిమెంటు కార్ఖానాలు వచ్చిందీ, కోనుప్పలపాడులో గుహలు ఏర్పడిందీ ఆ రాయి వల్లే.

పెట్రోలు మండగా పుట్టే వేడిలో సుమారు మూడో వంతును నీళ్ళే మోసుకుపోవాలి. సిలిండర్ల చుట్టూ ఉండే వాటర్ జాకెట్‌లో నీళ్ళు వేడెక్కుతాయి, పంపు తోస్తే రేడియేటర్‌లోకి పోతాయి, అక్కడ గాలికి చల్లబడి తిరిగొస్తాయి. ఫోర్డ్ మోడల్ టి కార్లలో మొదటి రెండున్నర వేలు వదిలేస్తే తక్కినవాటికి ఆ పంపు కూడా లేదు. వేడి నీళ్ళు వాటంతటవే పైకి లేచేవి. ఇంతవరకు సులువే. అసలు కథ ఆ నీళ్ళలో ఏముందన్నది.

వాన నీళ్ళు మట్టిలో దిగుతూ అక్కడి కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త ఆమ్లంగా మారతాయి. ఆ ఆమ్లం సున్నపురాయిని కరిగించి, కాల్షియం బైకార్బొనేట్ రూపంలో బోరులోకి తెస్తుంది. నీళ్ళు చూడటానికి తేటగానే ఉంటాయి. అందులోని కార్బన్ డయాక్సైడు బయటికి పోగానే కరిగిన సున్నం మళ్ళీ రాయి అవుతుంది. యాడికికి దగ్గర్లోని బెలుం గుహల్ని 1884లో భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించాడు, వాటి పొడవు 3,229 మీటర్లు. అక్కడ పైకప్పు నుంచి రాతి ఊడలు దిగింది ఈ చర్యతోనే, వేల ఏళ్ళపాటు, బొట్టు బొట్టుగా. ఎనభై తొంభై డిగ్రీల దగ్గర ఇంజన్ ఆ పనిని నిమిషాల్లో మొదలుపెడుతుంది!

ఇంకో విచిత్రం ఉంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ చక్కెర ఎక్కువ కరుగుతుంది, సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్ తక్కువ కరుగుతుంది. కాబట్టి అన్నిటికంటే వేడిగా ఉన్న గోడనే వెతుక్కుని పేరుకుంటుంది. ఆ చోటు ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ, సిలిండర్ల మధ్య ఇరుకు సందుల్లో. పోత ఇనుముతో పోలిస్తే ఈ పెచ్చు వేడిని కనీసం ఇరవై రెట్లు తక్కువగా సాగనిస్తుంది. ఒక మిల్లీమీటరు పెచ్చు రెండు సెంటీమీటర్ల అదనపు ఇనుముతో సమానం. ఇనుము ఇంకా కాగుతుంది, అక్కడి నీళ్ళు మరుగుతాయి, మరిగినచోట మరింత సున్నం దిగుతుంది. అందుకే రేడియేటర్ మార్చినా జబ్బు సిలిండర్ల పైమూత అయిన హెడ్‌లోనే, సిలిండర్లుండే బ్లాకులోనే ఉండిపోతుంది.

దీన్ని కళ్ళారా చూడొచ్చు. చల్లారిన ఇంజన్ నీళ్ళు వదిలేసి, బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్గు ఒకటి మెకానిక్ చేత ఊడదీయించి, లోపల స్క్రూడ్రైవర్‌తో గీరితే తుప్పు రంగు పెచ్చు రాలుతుంది. దాని మీద నిమ్మరసం పిండండి. ఉత్త తుప్పయితే ఊరుకుంటుంది. సున్నమైతే బుసబుసా పొంగుతుంది.

మరి ఇంత సున్నం ఎక్కడిది? తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదనీ, వేరే నీళ్ళు లేనప్పుడు 600 వరకు సరేననీ భారతీయ ప్రమాణం. వేడికి దిగిపోయే సున్నం లీటరుకు 300 అనుకుందాం. ఇంజన్, రేడియేటర్ కలిపి ఎనిమిది లీటర్లు పడితే దిగేది రెండున్నర గ్రాముల లోపే, అదీ ఒక్కసారే. కానీ కారే పంపు వల్లనో, పాడైన మూత వల్లనో రోజూ లీటరు బోరు నీళ్ళు పోస్తుంటే ఏడాదికి 110 గ్రాములు! ఇంజన్‌ను చంపేది లోపలున్న నీళ్ళు కావు, రోజూ పోసే ఆ మగ్గు నీళ్ళు.

ఈ సున్నం దగ్గర తప్పులో కాలేసినవాళ్ళు చాలామంది. ఆవిరి యంత్రాల కాలంలో బాయిలర్లలో బంగాళాదుంపలు వేసి నెట్టుకొచ్చారు. అబర్డీన్‌లో రసాయనశాస్త్ర ఆచార్యుడు థామస్ క్లార్క్ 1841లో నీళ్ళలో సున్నం పోగొట్టడానికి మరింత సున్నం కలపమన్నాడు. పిచ్చిమాటలా ఉన్నా ఒప్పు ఆయనదే. తడిసున్నం నీళ్ళలోని కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటే కరిగినదంతా అడుగున పేరుకుంటుంది. మన షెడ్లలో ఇప్పటికీ సాగుతున్న తప్పు, వేడిని బట్టి నీళ్ళదారి తెరిచే థర్మోస్టాట్‌ను పీకేయడం. దాంతో పెచ్చు ఒక్క పొర కూడా తగ్గదు. బాత్రూములు కడిగే యాసిడ్ పోయడం అంతకన్నా ఘోరం, అది సున్నంతోపాటు ఇనుమునూ తింటుంది.

ఇక చేయాల్సింది. నిమ్మ ఉప్పు ద్రావణంతో కడిగించి, తర్వాత మంచినీళ్ళతో బాగా పారించాలి. “మన దగ్గర మంచు కురవదుగా, కూలెంట్ ఎందుకు?” అనే మాట ఇకనైనా మానాలి. నీళ్ళు గడ్డకట్టకుండా ఆపడమే కాదు, దాంట్లో తుప్పును ఆపే మందులూ ఉంటాయి. దాన్ని బోరు నీళ్ళతో కలిపితే మాత్రం పెట్టిన డబ్బు దండగ, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే వాడాలి. యాడికి పాఠకుడు ముందు పంపు సీలు, హోసులు, రేడియేటర్ మూత చూపించి కారడం ఆపించాలి. ఆ తర్వాతే హెడ్ దించే ఖర్చు గురించి ఆలోచించాలి.