సాగరగర్భంలో శబ్దయానం

భద్రాచలం స్నానఘట్టపు మెట్లు దిగి గోదావరిలో మునిగినవారికి ఒక విషయం అనుభవమే. ఒడ్డున ఉన్నవారి పిలుపు వినిపించదు. కాని నీటి అడుగున రెండు రాళ్లు తాకిన చప్పుడు స్పష్టంగా చెవిని చేరుతుంది. గాలిలో పుట్టిన ధ్వని చాలావరకు నీటి ఉపరితలాన్ని తాకి వెనుదిరుగుతుంది. నీటిలోనే పుట్టిన ధ్వని గాలిలో కంటె నాలుగు రెట్లకు పైగా వేగంతో పయనిస్తుంది. 1826లో జెనీవా సరస్సులో కొలాడన్, స్టర్మ్ అనే శాస్త్రజ్ఞులు దీనిని కొలిచారు. నీటిలో గంట మ్రోగిన క్షణంలోనే పడవపై మందుగుండు వెలిగేటట్లు అమర్చి, ఆ మెరుపుకూ గంటనాదానికీ నడుమ గడచిన కాలాన్ని లెక్కించారు. వేగం సెకనుకు 1435 మీటర్లని తేలింది.

సముద్రంలో ఇది సుమారు 1500 మీటర్లు. అయితే అంతటా ఒక్కటి కాదు. ఉష్ణోగ్రత, లవణీయత, పీడనం పెరిగిన కొద్దీ వేగమూ పెరుగుతుంది. కిన్నెరసాని, శబరి వంటి అడవి ఏరులను కలుపుకొని గోదావరి వర్షాకాలంలో బంగాళాఖాతం చేరినపుడు, పైపొరలో ఉప్పదనం తగ్గి ధ్వనివేగమూ కొంత తగ్గుతుంది. మన వాగుల నీరు కడలిలోని ధ్వనిమార్గాన్ని సైతం మార్చగలదన్నమాట!

అన్నిటికంటె చిక్కైనది అడుగునేల వాలు. లోతు నుండి తీరంవైపు వచ్చే ధ్వనికిరణం నేలను తాకిన ప్రతిసారీ, దాని ఏటవాలు నేలవాలుకు రెండింతలు చొప్పున పెరుగుతుంది. నేలవాలు 1 డిగ్రీ అనుకొందాం. 4 డిగ్రీలతో బయలుదేరిన కిరణం పదిసార్లు నేలను తాకేసరికి 24 డిగ్రీలకు చేరుతుంది. అలా నిటారైన కొద్దీ ధ్వని ఇసుకలోకి, బురదలోకి చొచ్చుకొనిపోయి క్షీణిస్తుంది. తీరం నుండి లోతుకు పోయే ధ్వనికి ఇది తారుమారు; కిరణాలు క్రమంగా సమతలమై దూరం పోగలుగుతాయి.

1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి చేరువలోనే మునిగిపోయింది. అంతవరకు రాగల శత్రునౌకను చీకటి నీటిలో పసిగట్టడానికి ప్రధాన సాధనం ధ్వనియే. వాలును లెక్కించకపోతే నౌక ఉన్నచోట లేదని, లేనిచోట ఉన్నదని భ్రమపడే ప్రమాదముంది. అందుచేత హైడ్రోఫోన్లను వేర్వేరు లోతులలో వ్రేలాడదీసి ధ్వనిని కొలుస్తారు. 1994లో మన నౌకాదళంలో చేరిన ఒక పరిశోధన నౌక ఇటువంటి పనులకే ఉద్దేశింపబడింది. దానికి 'సాగరధ్వని' అని నామకరణం చేసినవారి భాషాభిరుచి మెచ్చదగినది.

అన్నిచోట్లా కొలవడం సాధ్యం కాదు కనుక కంప్యూటరులో నమూనా నిర్మిస్తారు. వాలునేలను చిన్నచిన్న మెట్లుగా భావించి, ధ్వనిని ఒక్కొక్క మెట్టు మీదుగా ముందుకు నడిపిస్తూ గణిస్తారు. మన స్నానఘట్టమే అనుకోండి! మెట్లు పెద్దవైతే వాటి అంచుల వద్ద శక్తి లెక్క తప్పుతుంది. దానిని సవరించి, సముద్రంలో పొందిన కొలతలతో పోల్చి చూస్తారు. రెండూ సరిపోలనపుడు దోషం గణితంలోనే ఉండనక్కరలేదు. అడుగున ఉన్నది ఇసుకో, బురదో సరిగా తెలియకపోవడంలోనూ ఉండవచ్చు.