ముద్ద మింగేదాకా... మనిషి తోడు!

జొన్నరొట్టె, పల్లీల పచ్చడి... గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో పెద్దలకు అలవాటైన తిండి. పళ్లూడి, పక్షవాతం వచ్చి మింగడం కష్టమైతే ఆ రొట్టెముక్కే గొంతుకు అడ్డం పడొచ్చు. ఇంట్లో అయితే కూతురో కోడలో పక్కన కూర్చుని పాలల్లో నానబెట్టి తినిపిస్తుంది. వృద్ధాశ్రమంలో ఆ చోటు ఎవరిది?

2016లో విడి జిల్లాలైన ఈ మూడూ పాత పాలమూరువే. పనులకోసం హైదరాబాద్, ముంబయి, పుణెలకు వలసలు ఇక్కడ దశాబ్దాల కథ. పిల్లలు వెళ్లిపోతే ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లే. వాళ్లలో కొందరికి ఆశ్రమమే ఇల్లు. జిల్లాకు ఒకటి చొప్పున మొదలుపెట్టి, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా ఆశ్రమాలు నెలకొల్పవచ్చని 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టం చెబుతోంది. కంచం దగ్గర ఎందరుండాలో మాత్రం అందులో లేదు.

అసలు లెక్క అక్కడే ఉంది. మింగలేనివారికి తినిపించడానికి ఒక్కొక్కరికి అరగంట పట్టొచ్చు. అలాంటివారు నలుగురుండి, ఆయా ఒక్కరే అయితే? రెండు గంటలు! అంత సమయం ఉండదు కాబట్టి ముద్ద పెద్దదవుతుంది. మొదటిది మింగకముందే రెండోది నోట్లో పడుతుంది. తిన్న వెంటనే పడుకోబెట్టేస్తారు. అలా మెతుకులు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియాకు దారితీయొచ్చు. ఒక్కోసారి దగ్గు కూడా రాదు. తప్పు ఆయాది కాదు, చేతులు చాలకపోవడానిది.

సిబ్బంది కొరత అమెరికాకూ తెలుసు. భోజనవేళల్లో తినిపించేందుకు కనీసం 8 గంటల శిక్షణ పొందిన సహాయకులను పెట్టుకోవచ్చని 2003లో అక్కడ అనుమతించారు. మింగడంలో తీవ్ర ఇబ్బందులున్నవారిని మాత్రం వాళ్లకు అప్పగించకూడదని షరతు పెట్టారు.

ఖర్చులేని మార్గాలూ ఉన్నాయి. మింగలేనివారికి ముందు ఒక పంక్తి, మిగతావారికి తర్వాత మరొకటి పెట్టొచ్చు. ఆ గంటసేపు మేనేజరు సహా అందరూ భోజనాల గదిలోనే ఉండాలి. నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు తినిపించాలి. తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. గొంతులో అడ్డంపడి మాట, దగ్గు ఆగిపోతే నీళ్లు పట్టకూడదు. ముందుకు వంచి వీపుపై రెక్కల మధ్య గట్టిగా ఐదుసార్లు తట్టాలి. ఆలోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి. అంటే, అప్పుడూ ఇద్దరు కావాల్సిందే.

అమ్మానాన్నలకోసం ఆశ్రమం చూడటానికి వెళ్లేవారు మంచాలూ గోడల రంగులూ చూసి వచ్చేయకూడదు. రాత్రి భోజనవేళకు వెళ్లి ఒక్క మాట అడగాలి: 'మింగలేనివారు ఎందరు? ఇప్పుడు తినిపిస్తున్నవారు ఎందరు?'