ఒక్క తల్లి బిడ్డలే గాని...

రోజుకొక మాత్ర, మూడు రోజులు! అజిత్రోమైసిన్ అంటే మన ఇళ్ళలో అందుకే మోజు. వైరస్ తెచ్చే జలుబుకు అది చేసేదేమీ లేకపోయినా తెప్పిస్తూనే వుంటారు. దాని సోదరుడు క్లారిత్రోమైసిన్‌ను రెండు పూటలా వారం రోజులు మింగాలి, ఎవరికి ఓపిక? 1952లో వాడుకలోకి వచ్చిన ఎరిత్రోమైసినే రెంటికీ తల్లి.

బెల్జియంలో 224 మంది ఆరోగ్యవంతులకు వీటిలో ఒకటో, మందులేని ఉత్త మాత్రో యిచ్చి, వారి గొంతుల్లోని స్ట్రెప్టోకాకస్ క్రిములను పరీక్షించారు. ఫలితాలు 2007లో వెలువడ్డాయి. రెండు మందులూ లొంగే క్రిములను చంపి, మొండిఘటాలకు చోటిచ్చాయి. నాలుగు వారాలకు మాత్రం అజిత్రోమైసిన్ తిన్నవారిలోనే అవి ఎక్కువ. ఆ మందు ఒంట్లో సగం తరగడానికే దాదాపు మూడు రోజులు పడుతుంది. మిగిలిన కొసరు చంపలేక, మొండివాటిని మేపుతుంది కాబోలు.

అలాగని క్లారిత్రోమైసిన్ సాధువేమీ కాదు. మరీ గట్టి మొండితనాన్నిచ్చే జన్యువును పెంచింది అదే. ఉత్త మాత్ర తిన్నవారితో పోలిస్తే, ఆరునెలలకు కూడా ఈ రెండు జట్ల గొంతుల్లో మొండిక్రిములు ఎక్కువగానే వున్నాయి.