మూసిన తలుపు, చేరని ఉత్తరం

పార్లమెంటు విలేకరుల గ్యాలరీలో కూర్చునేవారికి షేక్‌స్పియర్ అప్పుడప్పుడు తటస్థపడుతూనే ఉంటాడు. అధికారపక్షంతోనూ, ప్రతిపక్షంతోనూ విసిగిన చిన్న పార్టీ సభ్యుడెవరైనా ఇంగ్లీషులో ప్రసంగిస్తూ, 'రోమియో జూలియెట్' నాటకంలో మెర్క్యూషియో పెట్టిన శాపాన్ని ఉభయులకూ పంచి కూర్చోవడం కద్దు. రెండు వంశాల పగ నడుమ చిక్కి, కత్తిపోటు తిని, ఆ రెండింటికీ మహమ్మారి తగలాలని శపించినవాడు మెర్క్యూషియో. ఇంగ్లీషులో వంశానికీ, ఇంటికీ, చట్టసభకూ ఒకే మాట కనుక సభలో ఆ చమత్కారం బాగా పేలుతుంది. 2020 మార్చి 23న కరోనా కారణంగా ఉభయ సభలూ నిరవధికంగా వాయిదా పడిన తరువాత మాత్రం ఆ మాటకు నవ్వడం నాకు చేతకాలేదు.

బి.ఏ. పరీక్ష కోసం ఎన్నడో చదివిన ఆ నాటకాన్ని లాక్‌డౌన్ రోజులలో మళ్లీ తీశాను. విద్యార్థి దశలో నాకు కనిపించినవి వెన్నెల, మేడమీది ప్రేమ మాత్రమే. ఈసారి పుటపుటనా రోగమే కనిపించింది.

మొదట అది కేవలం అలంకారం. రోజలిన్ కాదన్నందుకు రోమియో తనను తాను రోగిగా ఎంచుకుంటాడు. కంటికి కొత్త అంటు తగిలితే పాత విషం విరుగుతుందని మిత్రుడు బెన్వోలియో వైద్యం చెబుతాడు. మన కావ్య నాయికల విరహతాపం వంటిదే ఈ జబ్బు. దీనివల్ల ప్రాణహాని లేదు. తరువాత లారెన్స్ అనే మఠవాసి మూలికలు ఏరుతూ, ఒకే పువ్వులో మందూ విషమూ ఉన్నాయనీ, మనిషిలోనూ అంతేననీ తలపోస్తాడు. ప్రేమికుల పెండ్లి వంశవైరానికి ఔషధమవుతుందని ఆయన ఆశ. అసలు రోగి రోమియో కాదు, వెరోనా నగరమేనని మనకు అక్కడ బోధపడుతుంది.

చివరకు అలంకారం తొలగి, నిజమైన వ్యాధే కథలో ప్రవేశిస్తుంది. జూలియెట్ 42 గంటలు మృతురాలివలె నిద్రపుచ్చే మందు తాగుతుంది. ఆ సంగతి రోమియోకు తెలిపే ఉత్తరంతో మాంటువాకు బయలుదేరిన జాన్ అనే సన్యాసి, రోగులను పరామర్శిస్తున్న మరొక సన్యాసిని తోడు తీసుకోబోతాడు. ఆ ఇంట మహమ్మారి ఉందని అనుమానించిన అధికారులు తలుపులకు ముద్ర వేసి, ఇద్దరినీ లోపలనే ఉంచేస్తారు. అంటురోగ భయంతో ఉత్తరాన్ని ముట్టేవాడే ఉండడు. శాపం పెట్టినది వంశాలకు. తగిలినది ఒక ఇంటి తలుపుకు.

ఇది కథ ముగించడానికి అతికించిన యాదృచ్ఛిక ఘటన అనేవారున్నారు. కాని 1592-94 మధ్య ప్లేగు వల్ల లండన్ నాటకశాలలు చాలాకాలం మూతపడ్డాయి. రోగులున్న ఇళ్లకు గుర్తు పెట్టి, లోపలివారిని నిర్బంధించేవారు. 1595 ప్రాంతంలో వెలువడిందని పండితులు భావించే ఈ నాటకం చూడవచ్చినవారికి ఆ తలుపు సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఢిల్లీవాసులకూ అక్కరలేదు. 2020లో ఇక్కడ కరోనా రోగుల గుమ్మాలకు కాగితాలు అంటించారు. ఆ ఇళ్లవారిని వెలివేసినట్టు చూస్తున్నారన్న ఆవేదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తగిన అధికారి ప్రత్యేక ఆదేశం లేనిదే అలా అంటించరాదని ఆ డిసెంబరులో న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది.

అవినీతిని క్యాన్సర్ అనీ, మతకలహాన్ని అంటువ్యాధి అనీ వర్ణించడం మన సభలలో పరిపాటి. వ్యాధికి కర్త ఉండడు కనుక, ఆ పేరు పెడితే బాధ్యత తప్పించుకోవడం సులువు. షేక్‌స్పియర్ ఆ వెసులుబాటు ఇవ్వడు. ఉత్తరాన్ని ఆపినది మహమ్మారి కావచ్చు. కాని భార్య కబురు భర్తకు రహస్యంగా పంపవలసిన దుస్థితి తెచ్చినది మనుషుల పగ. చివర శవాల ముందు నిలిచిన వెరోనా ప్రభువు వంశపెద్దలను నిందించి ఊరుకోడు. వారి కలహాన్ని చూసీ చూడనట్టు వదిలినందుకు తానూ బంధువులను పోగొట్టుకున్నానని, శిక్ష అందరికీ పడిందని ఒప్పుకుంటాడు.

ఇన్నేళ్లుగా ఉభయ సభల చర్చలు వింటున్నాను. మెర్క్యూషియో మాటను అరువు తెచ్చుకున్నవారు అనేకులు. ఆ ప్రభువు మాటను అరువు తెచ్చుకున్న పాలకుడు నాకింకా తటస్థపడలేదు.